ఆఫీసు లైనక్స్ సర్వర్‌లో పద్నాలుగు పోర్టులు తెరిచి ఉన్నాయి: ఏది ఉంచాలి, ఏది మూయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ ఆఫీసు. మూలగదిలో అల్మాలైనక్స్ 9 సర్వర్. దాని మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, స్కాన్ చేసిన బిల్లులు దాచుకునే సాంబా ఫోల్డర్ (నెట్‌వర్క్‌లో అందరూ పంచుకునేది). గుంటూరు బ్రాంచి వాళ్లు, ఇంటి నుంచి ఓనరు గారు కూడా దీనికే కనెక్ట్ అవుతారు. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు "బిల్లింగ్ ఓపెన్ అవట్లేదు" అని ఫైర్‌వాల్ ఆపేసి, ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కట్టడి చేసే ఎస్‌ఈలైనక్స్‌ను పర్మిసివ్‌లో (తప్పు రాసుకుంటుంది, ఆపదు) పెట్టి, రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేసి వెళ్లిపోయారు. లాగ్‌లో రోజూ వేలల్లో 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్' లైన్లు. నువ్వు ఏదో పాత గైడ్ చూసి 'హోస్ట్స్ డాట్ డినై' ఫైలు తయారుచేసి అందులో అందరినీ ఆపమని రాశావు, అయినా ఎవరూ ఆగలేదు. వచ్చే కనెక్షన్లను కాపలా కాసే ఎక్స్‌ఐనెట్‌డీ అనే పాత ప్రోగ్రామ్ పెడదామంటే ప్యాకేజీయే దొరకలేదు. ఏయే పోర్టులు (బయటివాళ్లు కనెక్ట్ అయ్యే నంబర్ల తలుపులు) తెరిచి ఉన్నాయో చూపే 'ఎస్‌ఎస్' కమాండ్ కొడితే 22, 80, 111, 139, 323, 443, 445, 631, 3306, 5000, 5353, 8000, 9090, 33060 వచ్చాయి. ఏది ఆపితే ఏం ఆగిపోతుందోనని నీ టెన్షన్.

ఇది చదవడం ఆపి ముందు రౌటర్ పేజీలోకి వెళ్లు. డీఎంజెడ్ తీసెయ్. డీఎంజెడ్ అంటే "బయటి నుంచి ఏ పోర్టుకు ఏది వచ్చినా ఈ మెషీన్‌కే పంపు" అని రౌటర్‌కు చెప్పడం. లోపల ఫైర్‌వాల్ కూడా లేదు కాబట్టి ఈ పద్నాలుగులో బయటికి వినే ప్రతిదీ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్నట్టే. తీసే ముందు గుంటూరు బ్రాంచికి ఒక ఫోన్ కొట్టి చెప్పు, లేకపోతే కౌంటర్ దగ్గర బిల్లు ఆగి నిన్ను తిడతారు. తాత్కాలికంగా 443 ఒక్కదాన్నే ఫార్వర్డ్ చేసి వాళ్ల పని నడిపించు. అది అయ్యాక వచ్చి మిగతాది చదువు. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు మామూలుగానే కొట్టు.

ముందు ఆ హోస్ట్స్ డాట్ డినై సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీలాగే ఇంకా చాలామంది ఆ ఫైలు నమ్ముకుని నిద్రపోతున్నారు. ఆ ఫైలును చదివేది లైనక్స్ కెర్నల్ కాదు, ఫైర్‌వాల్ కూడా కాదు. టీసీపీ రాపర్స్ అనే లైబ్రరీ. 1990 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీలో వీట్సె వెనెమా రాశాడు. వాళ్ల మెషీన్లలోకి ఒకడు పదేపదే చొరబడి ఫైళ్లు చెరిపేస్తుంటే, వాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో పట్టుకోవడానికి మొదలైన పని అది. చాలా ఏళ్లు అద్భుతంగా పనిచేసింది. కానీ ఏ డీమన్ (వెనక ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రామ్) అయితే ఆ లైబ్రరీతో కలిపి తయారైందో అది మాత్రమే ఆ ఫైలు చదువుతుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు ప్రాజెక్టువాళ్లు 2014లో 6.7 వెర్షన్‌తో దీన్ని తీసేశారు. రెడ్‌హ్యాట్ ఎనిమిదో వెర్షన్ నుంచి మొత్తంగా వదిలేసింది. నీ అల్మా కూడా ఆ కుటుంబమే. డెబియన్ వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌కు సొంతంగా ప్యాచ్ వేసుకుని ఇంకా నిలుపుకున్నారు, అందుకే డెబియన్ నుంచి వచ్చిన ఉబుంటు మీద ఎవరో రాసిన గైడ్ అక్కడ పనిచేస్తుంది, నీ దగ్గర పనిచేయదు. అనుమానముంటే 'ఎల్‌డీడీ' కమాండ్‌తో ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఏయే లైబ్రరీలు వాడుతోందో చూడు, 'లిబ్‌రాప్' కనపడదు.

ఇక్కడ నాకు భయం వేసేది ఒక్కటే. ఎర్రర్ రాలేదు. నువ్వు రాసిన లైన్‌ను చదివేవాడే లేడు, కాబట్టి తప్పు అని చెప్పేవాడూ లేడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరెళ్లేటప్పుడు తాళం వేసి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి ఒకసారి లాగి చూస్తారే, సర్వర్ పనిలో ఆ అలవాటు లేకపోతే కష్టం. ఏ సెట్టింగ్ మార్చినా బయటి నుంచి లాగి చూడాలి. నీ ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇచ్చి, ఆఫీసు పబ్లిక్ ఐపీ మీద, తెరిచిన పోర్టులను వెతికే 'ఎన్‌మ్యాప్' కొట్టు. సర్వర్ లోపల కూర్చుని "అంతా మూసేశాను" అనుకోవడం వేరు, వీధిలో నిలబడి చూడటం వేరు.

ఇప్పుడు నీ పద్నాలుగు. 'ఎస్‌ఎస్' కమాండ్‌కు టి, యు, ఎల్, ఎన్, పి అక్షరాలు ఇచ్చి, సుడోతో (అడ్మిన్ అధికారంతో) కొట్టు. సుడో లేకపోతే వేరే యూజర్ల ప్రాసెస్ పేర్లు కనపడవు. వచ్చినదాంట్లో పోర్టు నంబరు కన్నా ముందు దాని ఎడమపక్కన ఉన్న అడ్రస్ చూడాలి. 127.0.0.1 అని ఉంటే అది ఇంట్లో గదికీ గదికీ మధ్య తలుపు. 0.0.0.0 అనో, నక్షత్రం గుర్తో, చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లో ఉంటే వీధి తలుపు. నువ్వు పంపినదాంట్లో 323 క్రోనీది, టైమ్ సరిచేసే డీమన్, 127.0.0.1 మీదే ఉంది, వదిలెయ్. 631 కప్స్ ప్రింటింగ్‌ది, అదీ లోపలే ఉంది. కానీ ఆ సర్వర్‌కు ప్రింటర్ లేదన్నావు. ప్రింటర్ లేని మెషీన్‌లో ప్రింట్ సర్వీస్ ఎందుకు? 2024 సెప్టెంబరులో కప్స్‌కు తోడుగా నడిచే 'కప్స్ బ్రౌజ్‌డీ' అనే డీమన్‌లో పెద్ద లోపం బయటపడింది. అది యూడీపీ 631 మీద ఎవరు "నేను ప్రింటర్‌ని" అని చెప్పినా నమ్మేసేది. ప్రింటర్ ఎప్పుడూ తగిలించని సర్వర్లలో కూడా అది నడుస్తూ కనపడింది. 5353 అవాహీ, పక్క మెషీన్లను పేరుతో కనిపెట్టడానికి, ఆఫీసు సర్వర్‌కు అక్కర్లేదు. 111 ఆర్‌పీసీబైండ్, ఫోల్డర్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పాత వెర్షన్లు వాడితే కావాలి, నువ్వు సాంబా వాడుతున్నావు కాబట్టి అదీ అక్కర్లేదు. పైగా యూడీపీ మీద బయటికి తెరిచి ఉంటే, నీ సర్వర్‌ను అడ్డం పెట్టుకుని ఇంకెవరి మీదో ట్రాఫిక్ కుమ్మరించడానికి వాడుకుంటారు. 631, 5353, 111 ఈ మూడూ పోతాయి.

పోతాయి అంటే ఎలా ఆపాలి అనేది కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది కాలుజారేది ఇక్కడే. నీ లిస్టులో 9090 లైన్ చూడు. అది కాక్‌పిట్, బ్రౌజర్లో సర్వర్ చూసుకునే పేజీ. లాగిన్ అవగానే "దీన్ని ఆన్ చేసుకోండి" అని మెసేజ్ వస్తుంది, నువ్వో ఇంకెవరో ఆన్ చేసి ఉంటారు. కానీ ఆ పోర్టు ఎదురుగా ప్రాసెస్ పేరు కాక్‌పిట్ అని లేదు, సర్వీసులన్నిటినీ లేపి చూసుకునే 'సిస్టమ్‌డీ', పీఐడీ (ప్రాసెస్ నంబరు) 1 అని ఉంది. అంటే ఏంటి? కాక్‌పిట్ నడవడం లేదు. దాని బదులు సిస్టమ్‌డీ ఆ గుమ్మం దగ్గర కూర్చుంది. ఎవరైనా తలుపు కొట్టగానే కాక్‌పిట్‌ను నిద్ర లేపుతుంది. నువ్వు కాక్‌పిట్ సర్వీస్‌ను ఎన్నిసార్లు స్టాప్ చేసినా అది మళ్లీ లేస్తుంది. ఆపాల్సింది 'కాక్‌పిట్ డాట్ సాకెట్'ను.

ఇది కొత్త తెలివేం కాదు. 1986 నాటి 4.3 బీఎస్‌డీలోనే ఐనెట్‌డీ అని ఒక సూపర్ సర్వర్ ఉండేది. అప్పట్లో మెమరీ తక్కువ, పది డీమన్లు ఊరికే నడుస్తూ కూర్చోవడం భారం. అందుకని ఒక్కడే అందరి గుమ్మాలూ కాసి, పిలుపు వచ్చినప్పుడు అసలువాడిని లేపేవాడు. దాని తరవాత ఎక్స్‌ఐనెట్‌డీ. ఎవరి నుంచి రావచ్చు, ఏ సమయంలో రావచ్చు, ఒక ఐపీ నుంచి ఎన్ని కనెక్షన్లు అని ఒక్కో సర్వీస్‌కూ రాసుకోవడానికి అందులో వీలుండేది. నేను మొదట నేర్చుకున్నది దాని మీదే. 2010లో సిస్టమ్‌డీ వచ్చింది, 2014లో రెడ్‌హ్యాట్ 7తో మన సర్వర్లలోకి దిగింది, గుమ్మం కాసే పని తనే తీసుకుంది. రెడ్‌హ్యాట్ తొమ్మిదికి వచ్చేసరికి ఎక్స్‌ఐనెట్‌డీ లేకుండా పోయింది. నీకు ప్యాకేజీ దొరకకపోవడానికి కారణం అదే. ఎక్కడి నుంచో పాత ఆర్‌పీఎం ప్యాకేజీ తెచ్చి బలవంతంగా ఎక్కించకు.

కాబట్టి స్టాప్ అంటే ఇప్పటికి ఆపడం. రీబూట్ అయితే మళ్లీ వస్తుంది. డిజేబుల్ అంటే రీబూట్‌లో రాదు, కానీ ఇంకో సర్వీస్ దాన్ని అడిగితే లేస్తుంది. మాస్క్ అంటే దాని యూనిట్ ఫైలును (సర్వీస్‌ను ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పేది) 'డెవ్ నల్'కు, అంటే శూన్యానికి కట్టేయడం. ఎవరు అడిగినా లేవదు. ఆర్‌పీసీబైండ్‌కు సర్వీస్, సాకెట్ రెండూ ఉంటాయి, రెండింటినీ మాస్క్ చెయ్. కప్స్‌కు సాకెట్‌తో పాటు 'పాత్' అనే మూడో యూనిట్ కూడా ఉంటుంది. నిజానికి కప్స్, అవాహీ లాంటివాటిని నేనైతే ప్యాకేజీతో సహా తీసేస్తాను. 'డీఎన్‌ఎఫ్ రిమూవ్' కొట్టినప్పుడు వాటితో పాటు ఇంకేం పోతాయో లిస్టు చూపిస్తుంది, అది చదవకుండా వై నొక్కకు. ఒకసారి అలా నొక్కి గ్రాఫికల్ డెస్క్‌టాప్ మొత్తాన్నీ తీసేసుకున్న మహానుభావుడిని నేనే.

3306, 33060 రెండూ మైఎస్‌క్యూఎల్‌వే. మొదటిది అందరికీ తెలిసిందే. రెండోది ఎక్స్ ప్రోటోకాల్ అని ఎనిమిదో వెర్షన్‌లో తనంతట తానే ఆన్ అయి వచ్చేది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, డేటాబేస్ ఒకే మెషీన్‌లో ఉన్నాయి కదా, అలాంటప్పుడు డేటాబేస్ వీధి గుమ్మంలో నిలబడాల్సిన పనేముంది? కాన్ఫిగ్‌లో 'బైండ్ అడ్రస్' 127.0.0.1 పెట్టు. దాంతో 33060 మారదు. దానికి 'మైఎస్‌క్యూఎల్‌ఎక్స్ బైండ్ అడ్రస్' అని వేరే లైన్ రాయాలి, లేదా వాడనప్పుడు మొత్తంగా ఆఫ్ చేసేయాలి. రీస్టార్ట్ చేశాక మళ్లీ 'ఎస్‌ఎస్' కొట్టి, ఎడమపక్క అడ్రస్ మారిందో లేదో చూడు. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన మాంగోడీబీ డేటాబేస్‌లను వేలల్లో చెరిపేసి, "డబ్బు కడితే ఇస్తాం" అని నోట్ వదిలారు. వాటిలో చాలావాటికి పాస్‌వర్డే లేదు. ఆ ఏడాది వచ్చిన 3.6 వెర్షన్ నుంచి వాళ్లు డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ మీదే వినేలా మార్చారు. మైఎస్‌క్యూఎల్ మాత్రం నువ్వు చెప్పేదాకా అన్ని వైపులా వింటుంది.

139, 445 సాంబా. ఆఫీసు లోపల కావాలి, బయటికి ఏ పరిస్థితిలోనూ వద్దు. సాంబా కాన్ఫిగ్‌లో కూడా 'హోస్ట్స్ అలో' అనే పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది, ఇది మాత్రం సాంబా సొంతం, ఇప్పటికీ పనిచేస్తుంది. పేరు ఒకటే అని ఇందాకటిదనుకుని తీసెయ్యకు. అందులో ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1. ఒక్కటే ఉంచు. ఇంకో మాట. స్కానర్ పాతదై సాంబాకు కనెక్ట్ కాకపోతే "ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్యండి" అని యూట్యూబ్‌లో చెప్తారు. సాంబా 2019లో 4.11 వెర్షన్‌తో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. 2017 మేలో వానాక్రై విండోస్ మెషీన్లలోకి దూరింది ఆ ఎస్‌ఎంబీ1 దారినే. అదే నెలలో సాంబాకు కూడా వేరే పెద్ద లోపం బయటపడింది, షేర్ ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉన్నవాడు సర్వర్ మీద సొంత కోడ్ నడపగలిగేవాడు. పాత స్కానర్ కోసం అయితే ఈమెయిల్‌కో, యూఎస్‌బీకో స్కాన్ చేయించు. సర్వర్‌ను స్కానర్ వయసుకు దించకు.

ఇక 22. నీ లాగ్‌లో వేల లైన్లు దీనివే. ఎవరో నీ మీద పగబట్టారని కంగారుపడకు, పబ్లిక్ ఐపీ మీద 22 తెరిచిన ప్రతివాడికీ ఇవి వస్తాయి. పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు కీ ఫైలు పెట్టుకో, పాస్‌వర్డ్ లాగిన్ ఆపెయ్. ఇక్కడొక గోతి ఉంది. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో' అని కింద రాసి రీస్టార్ట్ చేస్తే సరిపోయిందనుకుంటాం. కానీ ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఒక సెట్టింగ్ మొదట ఎక్కడ కనపడితే అదే తీసుకుంటుంది, తరవాత రాసింది పట్టించుకోదు. నీ అల్మాలో ఫైలు పైభాగంలోనే 'కాన్ఫిగ్ డాట్ డీ' డైరెక్టరీని కలుపుకునే లైన్ ఉంటుంది. అందులో ఇన్‌స్టాలర్‌దో, క్లౌడ్ ఇమేజ్‌దో ఒక చిన్న ఫైలు 'యెస్' అని ముందే చెప్పి ఉంటే, నీ 'నో' గాల్లో పోతుంది. ఇదీ ఎర్రర్ ఇవ్వదు. 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ'కి పెద్ద టి ఇచ్చి కొడితే అన్నీ కలిపాక నిజంగా అమల్లో ఉన్న విలువలు చూపిస్తుంది. చిన్న టి అయితే ఫైల్లో అక్షరదోషాలు చెప్తుంది. రీస్టార్ట్‌కు ముందు చిన్నది, తరవాత పెద్దది.

పోర్టు నంబరు మార్చాలా అంటావేమో. మార్చితే లాగ్ శుభ్రంగా ఉంటుంది, అంతకు మించి పెద్ద రక్షణ కాదు. నా కథ వింటే నువ్వు మార్చవు. 2024లో ఉబుంటు 24.04 కొత్తగా వచ్చినప్పుడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ సర్వర్‌కు ఆ పని చేశాను, విజయవాడలో ఇంట్లో కూర్చుని. కాన్ఫిగ్‌లో పోర్టు మార్చాను, ఎస్‌ఎస్‌హెచ్ రీస్టార్ట్ చేశాను, ఫైర్‌వాల్‌లో కొత్త నంబరు తెరిచి 22 మూసేశాను, కిటికీ మూసేశాను. మళ్లీ లాగిన్ అవుదామంటే లేదు. ఆ వెర్షన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కూడా సాకెట్ మీదే నడుస్తుంది. గుమ్మంలో కూర్చున్నది సిస్టమ్‌డీ, నేను రీస్టార్ట్ చేసింది లోపలివాడిని. 'డీమన్ రీలోడ్' కొట్టి 'ఎస్‌ఎస్‌హెచ్ డాట్ సాకెట్'ను రీస్టార్ట్ చేస్తేగానీ కొత్త పోర్టు తెరుచుకోదు. అంటే కొత్త తలుపు పెట్టలేదు, పాత తలుపుకు గోడ కట్టేశాను. రాత్రి పదింటికి బస్సెక్కి వారధి దాటి, మంగళగిరి, కాజ మీదుగా గుంటూరు చేరి, ఆటోలో నరసరావుపేట రోడ్డుకు వెళ్లేసరికి వాచ్‌మన్ మంచి నిద్రలో ఉన్నాడు. సర్వర్‌కు మానిటర్ లేదు. కాటా గదిలోది పీకి తెచ్చి తగిలించాం. కీబోర్డు మీద మిర్చి ధూళి. పది అక్షరాలు కొట్టడానికి ఇరవై సార్లు తుమ్మాను. నేను అక్కడ కొట్టిన కమాండ్లు రెండే రెండు.

అప్పటి నుంచి రెండు అలవాట్లు. ఒకటి, మార్పు చేసేటప్పుడు పాత సెషన్ మూయకుండా రెండో సెషన్ తెరిచి లాగిన్ అయి చూడటం. ఎస్‌ఎస్‌హెచ్ రీస్టార్ట్ అయినా ఉన్న సెషన్ తెగదు, అదే నీ ప్రాణాధారం. రెండోది, అల్మాలో ఉండే ఫైర్‌వాల్ ఫైర్‌వాల్‌డీలో 'పర్మనెంట్' అనే మాట మొదటే వాడకపోవడం. అది లేకుండా పెట్టిన రూల్ అప్పటికప్పుడు అమల్లోకి వస్తుంది, రీబూట్ అయితే పోతుంది. బయట చిక్కుకుపోతే ఆఫీసులో ఎవరికైనా ఫోన్ చేసి "ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి" అంటే చాలు. అంతా బాగుందని తేలాక 'రన్‌టైమ్ టు పర్మనెంట్' కొట్టొచ్చు. ఇందుకే ముందు ఫైర్‌వాల్‌డీని మళ్లీ ఆన్ చెయ్. ఆన్ చేశాక పబ్లిక్ జోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటు కాక్‌పిట్‌కు కూడా డిఫాల్ట్‌గా అనుమతి ఉంటుంది, దాన్ని తీసెయ్. 80, 443 కలుపు. సాంబాను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లకే కలుపు.

కీ పెట్టాక కూడా 22ను రౌటర్‌లో ఫార్వర్డ్ చేయవద్దంటాను. కారణం, 2024 జులై 1న బయటపడిన రెగ్రెషన్ అనే లోపం. పాస్‌వర్డ్ అడగక ముందే, కీ చూపించక ముందే ఎస్‌ఎస్‌హెచ్‌డీలోకి దూరే అవకాశం. 8.5 నుంచి 9.7 దాకా వెర్షన్లు దానికి లోబడి ఉండేవి, నీ అల్మా 9లో ఉండేది 8.7. ప్యాచ్ వచ్చేసింది, వేసుకునే ఉంటావు. కానీ మళ్లీ ఇంకోటి వస్తే? వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టు. రౌటర్‌లో యూడీపీ 51820 ఒక్కటే లోపలికి పంపు. సరైన కీ లేనివాడు ఏం పంపినా అది బదులే ఇవ్వదు, స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. గుంటూరు బ్రాంచికి ఒక కీ, ఓనరు గారి ఫోన్‌కు ఒకటి, నీకొకటి. అది నడిచాక 443 ఫార్వర్డ్ కూడా తీసేయొచ్చు, ఎందుకంటే బిల్లింగ్ పేజీ చూడాల్సినవాళ్లు వీళ్లు ముగ్గురే. ఓనరు గారికి మాత్రం ఫోన్‌లో ఆ బటన్ ఎక్కడుందో కూర్చోబెట్టి చూపించు, లేకపోతే వారంలో మళ్లీ డీఎంజెడ్ ఆన్ అవుతుంది. అనుభవంతో చెప్తున్నా.

ఐపీవీ6 కూడా ఒకసారి చూసుకో. ఫార్వర్డింగ్, డీఎంజెడ్ ఇవన్నీ ఐపీవీ4 గొడవ. ఇప్పుడు చాలా కనెక్షన్లలో ఐపీవీ6 కూడా వస్తోంది, అందులో ప్రతి మెషీన్‌కూ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది. రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంటే, ఫార్వర్డ్ చేయకపోయినా నేరుగా సర్వర్ దాకా వస్తారు.

5000 నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. రూట్ యూజర్‌తో, ఎవరో నోహప్‌లో (లాగౌట్ అయినా నడిచేలా) వదిలేసి వెళ్లినది నడుస్తోంది అన్నావు. అది ముందు ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక్కి, 127.0.0.1 మీదకు పోవాలి. తరవాత దానికి సొంత యూజర్, సొంత యూనిట్ ఫైలు. ఎస్‌ఈలైనక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో పెట్టగానే ఎంజిన్‌ఎక్స్ 502 చూపిస్తుంది, ఎర్రర్ లాగ్‌లో '13: పర్మిషన్ డినైడ్' అని వస్తుంది. ఇది చూసే మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు మొత్తం ఆపేసి ఉంటారని నా అనుమానం. దానికి కావాల్సింది ఒక్క స్విచ్: 'హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్' అనే బూలియన్‌ను 'సెట్‌ఎస్‌ఈబూల్'తో, పెద్ద పి ఇచ్చి ఆన్ చేయడం. పెద్ద పి లేకపోతే రీబూట్ తరవాత మళ్లీ 502.

యూనిట్ ఫైల్లో నేను ఎప్పుడూ పెట్టేవి: కొత్త అధికారాలు సంపాదించకుండా 'నో న్యూ ప్రివిలేజెస్', ఫైల్‌సిస్టమ్ మొత్తం చదవడానికే ఇచ్చే 'ప్రొటెక్ట్ సిస్టమ్ స్ట్రిక్ట్', రాయాల్సిన ఒక్క డైరెక్టరీకి 'రీడ్ రైట్ పాత్స్', సొంత టెంప్ ఫోల్డర్ ఇచ్చే 'ప్రైవేట్ టెంప్', ఇళ్లు కనపడకుండా 'ప్రొటెక్ట్ హోమ్'. అన్నీ ఒకేసారి అతికించకు. ఒకటి పెట్టు, రీస్టార్ట్ చెయ్, ఒక బిల్లు కొట్టి చూడు, జర్నల్ చూడు, అప్పుడు రెండోది. ఒకచోట నేను 'ప్రొటెక్ట్ హోమ్' పెట్టగానే పీడీఎఫ్ బిల్లుల్లో తెలుగు పేర్లన్నీ డబ్బాలుగా మారాయి. సాఫ్ట్‌వేర్ రాసినతను తెలుగు ఫాంటును తన హోమ్ డైరెక్టరీలో పెట్టుకున్నాడు. ఫాంటు సిస్టమ్ ఫోల్డర్లోకి మార్చితే సరిపోయింది, కానీ కారణం దొరికేదాకా సగం రోజు పోయింది. ఇంకా, బయటికి వెళ్లే కనెక్షన్లన్నీ ఆపే 'ఐపీ అడ్రస్ డినై' లాంటిది పెడితే జీఎస్‌టీ ఈ-ఇన్‌వాయిస్, ఎస్‌ఎంఎస్ రెండూ ఆగిపోతాయి, అది వద్దు. 'సిస్టమ్‌డీ అనలైజ్ సెక్యూరిటీ' కమాండ్ ప్రతి సర్వీస్‌కూ పదికి మార్కులు వేస్తుంది. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే చెడ్డ. ఏ కట్టడీ లేనిదానికి 9.6 చుట్టుపక్కల వస్తుంది. నీది ఐదుకు దిగితే చాలు, సున్నా కోసం రాత్రుళ్లు మేలుకోకు.

అప్‌డేట్ల గురించి ఎక్కువ చెప్పను, 'డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్' పెట్టుకో. కానీ లైబ్రరీ అప్‌డేట్ అయినా, నడుస్తున్న డీమన్ మెమరీలో పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. 'నీడ్స్ రీస్టార్టింగ్' కమాండ్ ఎవరిని తిరిగి లేపాలో చెప్తుంది.

లాగ్‌లు మాత్రం ఇప్పుడే సరిచెయ్. మీది కంపెనీ కాబట్టి దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు వర్తిస్తాయి: లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, చొరబాటు లాంటిది గమనిస్తే ఆరు గంటల్లో తెలపాలి. అల్మాలో సెక్యూర్ లాగ్ వారానికొకటి చొప్పున నాలుగే ఉంటాయి, అంటే నెల. లాగ్‌రొటేట్‌లో ఆ నాలుగును 26 చెయ్. వీలైతే ఒక కాపీ వేరే మెషీన్‌కు వెళ్లేలా చూడు, లోపలికి వచ్చినవాడు ముందు చెరిపేది ఇవే.

పదమూడు అయ్యాయి. మిగిలింది 8000, దీని గురించే నాకు నిద్ర పట్టనిది. నువ్వు దాన్ని చివర్లో, మామూలుగా "పైథాన్3 అని ఏదో" అని రాశావు. అన్ని అడ్రస్‌ల మీదా వింటోంది. ప్యాకేజీతో వచ్చిన డీమన్ కాదు. నా అనుమానం ఏంటంటే, సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు ఏదో ఫైలు తన ల్యాప్‌టాప్‌కు లాక్కోవడానికి పైథాన్‌లో ఉండే చిన్న వెబ్ సర్వర్‌ను ఒక్క లైన్‌తో ఆన్ చేసి, మర్చిపోయి వెళ్లాడు. ఏ పోర్టూ చెప్పకపోతే అది 8000 మీదే, అన్ని వైపులా వింటుంది. పాస్‌వర్డ్ ఉండదు. ఏ ఫోల్డర్‌లో నిలబడి ఆన్ చేస్తే ఆ ఫోల్డర్లోని ఫైళ్లన్నీ బ్రౌజర్లో లిస్టుగా చూపిస్తుంది.

కిల్ చేయడానికి తొందరపడకు, ముందు సాక్ష్యం తీసుకో. డీఎంజెడ్ తీసేశావు కాబట్టి ఐదు నిమిషాలు ఆగితే ఏం కాదు. 'ఎస్‌ఎస్'లో దాని పీఐడీ చూడు. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్'కు ఆ పీఐడీ ఇస్తే, ఏ యూజర్ సెషన్‌లో ఎప్పుడు మొదలైందో చెప్తుంది. 'ప్రాక్' కింద ఆ పీఐడీ డైరెక్టరీలో 'ఈఎక్స్‌ఈ' అనే లింక్ అసలు ప్రోగ్రామ్ ఏదో చూపిస్తుంది, 'సీడబ్ల్యూడీ' అనేది అది ఏ ఫోల్డర్‌లో నిలబడిందో చూపిస్తుంది. రెండూ స్క్రీన్‌షాట్ తీసి, అప్పుడు కిల్ చెయ్.

ఆ 'సీడబ్ల్యూడీ' ఏం చూపించిందో ఇక్కడ రాయి. అది డేటాబేస్ బ్యాకప్‌లు పెట్టే ఫోల్డర్ అయితే, పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి ముందు పాస్‌వర్డులన్నీ మార్చాలి, ఓనరు గారితో మాట్లాడాలి. ఆ ఆరు గంటల లెక్క కూడా మొదలవుతుంది.